తువ్వాలు వేసిన సీటు

"మీవాడికి ఎన్ని స్టార్లు?"

డిసెంబరులో మావాడికి కాలేజీ ఫుట్‌బాల్ జట్టుతో ఒప్పందం సంతకం అయిన రోజు నుంచి టెక్సస్‌లోని మా ఫ్రిస్కోలో తెలిసినవాళ్లు నన్ను అడుగుతున్న మొదటి ప్రశ్న ఇదే. గుడి దగ్గర చెప్పులు విడిచేచోట ఒకరు, కిరాణా కొట్లో కరివేపాకు ఏరుకుంటూ ఇంకొకరు. స్టార్లంటే హైస్కూల్ ఆటగాళ్లకు వెబ్‌సైట్లు ఇచ్చే గ్రేడు. ఒక్కటి కూడా లేదంటే నమ్మరు, దిష్టి తగులుతుందని దాస్తున్నాననుకుంటారు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పిల్లవాడు టెక్సస్‌లో హైస్కూల్ ఫుట్‌బాల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్, ఆడుతుంటే, కాలేజీ జట్టులో చోటు కోసం చూస్తుంటే ఇది పనికొస్తుంది.

మావాడు లాంగ్ స్నాపర్. వంగి, బంతిని కాళ్ల సందులోంచి పదిహేను గజాలు వెనక నిలబడ్డ పంటర్, అంటే బంతిని దూరంగా తన్నేవాడి, చేతుల్లోకి విసురుతాడు. ఫీల్డ్ గోల్ అప్పుడైతే, అంటే గోలు స్తంభాల మధ్యకు తన్నేటప్పుడు, ఏడెనిమిది గజాలు. అంతే పని. తెనాలిలో ఉన్న మా అమ్మకు వీడియో కాల్‌లో చూపిస్తే కాసేపు కళ్లు చికిలించి చూసి, "దీనికి కూడా సీటు ఇస్తారే?" అంది. ఇస్తారమ్మా, జట్టుకు ఒక్కరికి.

2023 అక్టోబరులో వాడు పదో తరగతిలో ఉండగా స్కూలు జట్టు స్నాపర్‌కు మణికట్టు విరిగింది. కోచ్ అరడజను మందిచేత విసిరించి చూస్తే వీడి బంతి ఒక్కటే బొంగరంలా తిరుగుతూ సూటిగా వెళ్లిందట. అప్పటిదాకా వాడు బెంచీ మీద కూర్చునే సెంటర్. అలా మొదలైంది.

సాధన చేయాలంటే అటువైపు పట్టేవాళ్లు ఉండాలి. మావారికి నడుము నొప్పి కాబట్టి ఆ పని నాకు పడింది. పార్కులో పదిహేను అడుగులు వేసి నిలబడితే వాడు నవ్వి, "అమ్మా, అడుగులు కాదు, గజాలు" అన్నాడు. మూడో రోజే బంతి కొన తగిలి కుడిచేతి మధ్యవేలు వంకాయలా వాచింది. నెల రోజులు చపాతీ పిండి మావారే కలిపారు. ఆ తర్వాత వల ఒకటి కొన్నాం గానీ, చేతుల్లో పడే బంతికి, వలలో పడే బంతికి తేడా ఉందని వాడు ఒప్పుకోడు. నా ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుని వీడియో తీయడం, దాన్ని ఒక్కో ఫ్రేమూ కదిపి కాలం కొలవడం నేర్చుకున్నాను. బంతి వాడి చేతిలోంచి పంటర్ చేతికి చేరడానికి మొదట్లో 0.95 సెకన్లు పట్టేది. కాలేజీవాళ్లు 0.75 లోపు అడుగుతారు. ఆ ఇరవై వందో వంతుల కోసం ఏడాదిన్నర పట్టింది.

2024 జనవరిలో లాస్ వేగాస్‌లో స్నాపర్లకు మాత్రమే జరిగే శిబిరానికి వెళ్లాం. రుసుము, విమానం, హోటల్ కలిపి ఇద్దరికీ దాదాపు 1,400 డాలర్లు. దేశం నలుమూలల నుంచి వచ్చిన వందల మంది పిల్లలు వరుసలు కట్టి, వంగి, వెనక్కి బంతులు విసురుతుంటే నేను ఒక కొత్త లోకంలో దిగినట్టు అనిపించింది. వాళ్లకు వాళ్ల సొంత ర్యాంకులు, సొంత స్టార్లు. 2026లో హైస్కూలు పూర్తిచేసే పిల్లల్లో మావాడికి నూట నలభైకి అటూ ఇటూ వచ్చింది. తిరుగు విమానంలో ఒక్క మాట మాట్లాడలేదు. నాలుగు నెలల తర్వాత ఇంకోసారి వెళ్తే 41. ఆ రాత్రి మటుకు హోటల్ గదిలో చొక్కా కూడా విప్పకుండా ఆ జాబితానే చూస్తూ నిద్రపోయాడు.

అందరికీ తెలిసిన స్టార్లు వేరే. 247స్పోర్ట్స్, రైవల్స్, ఈఎస్‌పీఎన్ లాంటి సైట్లు ఇచ్చేవి అవి. 247వాళ్లు ఏడాదికి 32 మందికి అటూఇటూగా అయిదు స్టార్లు ఇస్తారు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టు మొదటి రౌండులో ఎంతమంది వెళ్తారో అంతమంది అన్నమాట. ఆ పట్టికల్లో స్నాపర్ పేరు కనిపించడమే అరుదు. జట్లకు ఇచ్చే ర్యాంకు లెక్క కూడా విచిత్రం. ఆ ఏడాది చేర్చుకున్నవాళ్లలో బాగా పైనున్నవాళ్లకే బరువంతా, కింద చేరేవాళ్లతో దాదాపు ఏమీ కలవదు. అంటే మావాడిని తీసుకున్నా తీసుకోకపోయినా ఏ జట్టు ర్యాంకూ గింజంత కదలదు. ఇది అర్థమవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలలూ "వీడికి మూడు స్టార్లు వస్తే చాలు" అని వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాను. మొక్కు తీర్చాల్సిన అవసరం రాలేదు.

ఆ అమాయకత్వంలోనే పిల్లలను కాలేజీలకు పరిచయం చేస్తామనే ఒక సంస్థకు 1,800 డాలర్లు కట్టాం. వాళ్లు చేసింది ఒక పేజీ తయారుచేసి, ఒకే ఉత్తరాన్ని వందల మంది కోచ్‌లకు పంపడం. ఒక కోచ్ తర్వాత నాతోనే అన్నాడు, అలాంటివి తెరవకుండానే తీసేస్తానని. ఆటల వీడియోలు పెట్టుకునే హడల్ పేజీ మాత్రం తప్పదు. పేరుకు తగ్గట్టే హడలగొడుతుంది, ఎవరు చూశారా అని రోజుకు పదిసార్లు చూసుకునేదాన్ని.

తిండి సంగతి ఒకటి చెప్పాలి. మొదటి శిబిరంలో వాడి బరువు 188 పౌండ్లు. కనీసం 220 కావాలన్నారు. పప్పన్నంతో ముప్పై పౌండ్లు పెరగడం ఎలాగో ఏ కోచూ చెప్పడు. ఉదయం ఆరు గుడ్లు, స్కూలుకు రెండు డబ్బాలు, సాయంత్రం సాధన అయ్యాక ఒకసారి, పడుకునే ముందు పెరుగన్నం. కిరాణా ఖర్చు నెలకు 350 డాలర్లు పెరిగింది. ఎవరూ ముందుగా లెక్కవేసుకోని ఖర్చు ఇది.

ఇక 2024 సెప్టెంబరు 1. పదకొండో తరగతి మొదలయ్యాక ఆ రోజు నుంచే కాలేజీ కోచ్‌లు పిల్లవాడికి నేరుగా సందేశాలు పంపవచ్చు. అంతకుముందు వచ్చేవన్నీ క్యాంపు ఆహ్వానాలు, ప్రశ్నపత్రాలు. "నీ ఆట మాకు బాగా నచ్చింది, మా క్యాంపుకు రా" అని ఉంటే పొంగిపోయాం గానీ, అదే ఉత్తరం వాడి స్నేహితులు ఏడుగురికి వచ్చింది, ఒకడైతే అప్పటికే ఆట మానేశాడు. ఆగస్టు 31 రాత్రి పన్నెండింటికి ముగ్గురం సోఫాలో కూర్చుని ఫోనును మధ్యలో పెట్టుకున్నాం. పన్నెండున్నర. ఒంటిగంట. మావారు లేచి వెళ్లి పడుకున్నారు. వాడి జట్టులో పాసులు అందుకునే రిసీవర్‌కు ఆ రాత్రి ఇరవైకి పైగా వచ్చాయని తెల్లారి తెలిసింది. మావాడికి ఆ వారం మొత్తంలో వచ్చింది ఒకటి, అది కూడా క్యాంపు ఆహ్వానమే.

అప్పుడు నేను కాస్త ఆలోచించాను. పదహారేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నదాన్ని, తప్పు ఎక్కడుందో వెతకడమే నా ఉద్యోగం. వీడెంత బాగా విసురుతున్నాడన్నది ఒక్కటే చూస్తున్నాం. ఎక్కడ ఖాళీ ఉందన్నది చూడటం లేదు. జట్టుకు స్నాపర్ ఒక్కడైనప్పుడు, ఉన్నవాడు వెళ్తేనే కదా కొత్తవాడు! ఎక్సెల్‌లో పట్టిక మొదలుపెట్టాను. అప్పటికి ఎఫ్‌బీఎస్‌లో, అంటే పైస్థాయిలో, 134 జట్లు. ప్రతి జట్టు జాబితా తెరిచి, స్నాపర్ ఎవరు, ఏ సంవత్సరంలో ఉన్నాడు, వెనక ఇంకెవరైనా ఉన్నారా అని రాసుకున్నాను. కోవిడ్ ఏడాదికి ఇచ్చిన అదనపు సంవత్సరం, ఆడకుండా మిగుల్చుకున్న రెడ్‌షర్ట్ సంవత్సరం కలిపితే ఇరవై మూడేళ్లవాడు కూడా ఇంకా విద్యార్థే. మూడు వారాంతాలు పట్టింది. చివరికి 2025 సీజనుతో స్నాపర్ వెళ్లిపోయే జట్లు 31 తేలాయి. ఆ 31 జట్లలో తన్నే ఆటలు చూసుకునే స్పెషల్ టీమ్స్ కోచ్‌లకు మావాడే, వాడి మాటల్లోనే, ఒక్కొక్కరికి వేరుగా రాశాడు. తొమ్మిది జవాబులు వచ్చాయి. 1,800 డాలర్లకు రానివి.

2025 ఫిబ్రవరిలో వాటిలో ఒక జట్టు నుంచి ఫోను. స్కాలర్‌షిప్ లేదు గానీ జట్టులో చోటు ఖాయం అన్నారు. దీన్ని ప్రిఫర్డ్ వాక్-ఆన్ అంటారు. స్నాపర్లలో చాలామంది ఇలాగే మొదలుపెడతారు, ఒకటి రెండేళ్లలో స్కాలర్‌షిప్ వస్తుందని ఆశ. మావాడు నోటిమాటగా ఒప్పుకున్నాడు, జట్టు రంగుల్లో బొమ్మ వేయించి అందరికీ చూపించాడు. నేను పులిహోర, బొబ్బట్లు చేసి వీధిలో పంచాను. ఇక్కడ నోటిమాట ఒప్పందం అంటే మన ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేయడం లాంటిది. అందరూ గౌరవిస్తారు, గౌరవించినంతకాలం. మిగతా జట్లకు మర్యాదగా వద్దని రాశాం. అదే మేం చేసిన పెద్ద తప్పు.

ఎందుకంటే అప్పటికే హౌస్ కేసు నడుస్తోంది. కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించేందుకు దారితీసిన దావా అది. డబ్బు సంగతి మనకెందుకులే అని నేను వార్తలు పైపైన చదివాను. అందులో ఉన్న ఇంకో షరతును పట్టించుకోలేదు. ఫుట్‌బాల్ జట్టుకు 85 స్కాలర్‌షిప్పుల పరిమితి పోతుంది, దాని బదులు మొత్తం ఆటగాళ్లే 105 మందికి మించకూడదు. అంతకుముందు వాక్-ఆన్లను కలుపుకుని చాలా జట్లలో 120కి పైగా ఉండేవారు. తెగేది ఎవరో చెప్పాలా? ఆ కేసు రాజీ ఒప్పందానికి న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ 2025 జూన్ 6న తుది ఆమోదం ఇచ్చారు. అప్పటికే జట్లలో ఉండి చోటు పోగొట్టుకున్నవాళ్లకు, 2025లో చేరబోతూ మాట పొందినవాళ్లకు మినహాయింపు దక్కింది. మావాడిది 2026. ఒక్క ఏడాది.

జూన్ 11న కోచ్ ఫోను చేశాడు. నాలుగు నిమిషాలు. మర్యాదగానే మాట్లాడాడు. 105లో స్నాపర్‌కు ఒకే చోటు పెట్టుకుంటున్నామని, ఆ చోటుకు అనుభవం ఉన్నవాడిని పోర్టల్ నుంచి, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా నుంచి, తెచ్చుకుంటామని చెప్పాడు. మావాడు "థాంక్యూ కోచ్" అని పెట్టేసి, గ్యారేజీలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. బంతి వలకు తగిలే చప్పుడు చీకటిపడే దాకా వినిపించింది. నేను వంటింట్లో ఎన్ని విసిరాడో లెక్కపెడుతూ నిలబడ్డాను. నూట ముప్పై దాకా లెక్కపెట్టి ఆపేశాను.

జూన్ నెలాఖరులో కోచ్‌లు పిల్లలను ఎదురుగా కలవకూడని కాలం మొదలవుతుంది. అందుకని పదకొండు రోజుల్లో నాలుగు క్యాంపులు, 2,100 మైళ్ల కారు ప్రయాణం. ఒక్కో క్యాంపుకు 50 నుంచి 90 డాలర్లు. వెనక సీటులో ఐసుపెట్టె, అందులో పెరుగన్నం డబ్బాలు. అక్కడే ఒక కొత్త సంగతి తెలిసింది. రెండుచోట్ల కోచ్‌లు వాడు విసిరింది చూశాక, "ఇంకేం చేయగలవు?" అని అడిగారు. 105 మందే అయినప్పుడు ప్రతి చోటూ రెండు పనులు చేయాలి. రెండో స్నాపర్ అనే మనిషే ఉండడు, వేరే స్థానంలో ఆడే టైట్ ఎండ్ గానీ లైన్‌బ్యాకర్ గానీ ఆ పని కూడా నేర్చుకుంటాడు. స్నాపింగ్ ఒక్కటే నేర్పించి పెంచిన తల్లిదండ్రులందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఆ రోజు నుంచి విసిరాక పరుగెత్తి అవతలివాడిని పట్టి పడేయడం (టాకిల్) మీద కూడా పనిచేశాడు.

పట్టికను కూడా తిరగరాశాను. ఈసారి ఎఫ్‌సీఎస్ జట్లు, అంటే ఎఫ్‌బీఎస్ కింది స్థాయివి, అందులోనూ ఆ హౌస్ ఒప్పందంలో చేరని విశ్వవిద్యాలయాలు. వాళ్లకు 105 పరిమితి వర్తించదు. పాత పద్ధతిలోనే 63 స్కాలర్‌షిప్పులు, వాటిని ముక్కలుచేసి పంచుతారు. ఈ దారి మొదటే చూడాల్సింది. పెద్ద స్టేడియాల మోజు నాది కూడా, వాడొక్కడిదే కాదు.

ఆగస్టు నుంచి నవంబరు దాకా దాదాపు నిశ్శబ్దం. అక్టోబరులో ఒక గురువారం రాత్రి, ఫోర్డ్ సెంటర్ స్టేడియంలో ఆట. నాలుగో క్వార్టర్‌లో వాడు విసిరిన బంతి పంటర్ తల మీదుగా వెళ్లింది. అవతలివాళ్లు మా గోల్ గీత దగ్గర పట్టుకున్నారు, టచ్‌డౌన్ అయింది. మూడేళ్లలో మైకులో వాడి నంబరు చెప్పింది అదే మొదటిసారి. నా ముందు వరుసలో ఉన్నాయన "ఎవడువాడు?" అని పక్కాయనను అడిగాడు. నేను టోపీ కిందకు లాక్కున్నాను. తర్వాత అయిదు నిమిషాలకు మళ్లీ పంట్. బంతి సరిగ్గా పంటర్ తుంటి దగ్గరకు వెళ్లింది. ఇంటికొచ్చాక అది ఫ్రేములవారీగా చూశాను, 0.73.

నవంబరు 17న ఒక ఎఫ్‌సీఎస్ జట్టు కోచ్ సందేశం పెట్టాడు. ఫోనులో మొదట అడిగింది ఆ తప్పు స్నాప్ గురించే. హడల్‌లో మేం పెట్టిన వీడియోలో అది లేదు, ఆయన పూర్తి ఆట సంపాదించి చూశాడు. "దాని తర్వాతిది చూశాకే ఫోను చేస్తున్నాను" అన్నాడు. ఆ వారాంతమే రమ్మన్నారు, ఖర్చు వాళ్లదే. ఆదివారం ఉదయం అల్పాహారం దగ్గర కాగితం మీద అంకెలు రాసిచ్చారు. ఫుట్‌బాల్ కింద కాలేజీ ఫీజులో నాలుగో వంతు. దానికంటే ఎక్కువ, మూడో వంతు, మార్కులకు! రెండేళ్లు బంతి వెంట పరుగెత్తాక తేలింది, డబ్బు ఎక్కువ తెచ్చింది కాల్‌క్యులస్ అని. మా అమ్మకు చెబితే, "నేను అదే కదే చెప్పింది" అంది. ఎప్పుడు చెప్పిందో నాకు గుర్తులేదు.

డిసెంబరు 3, బుధవారం. ఉదయం ఏడింటికి ఈమెయిల్‌లో ఆర్థిక సాయం ఒప్పందం వచ్చింది, వంటింటి బల్ల దగ్గర వాడూ, మావారూ సంతకాలు చేశారు. వెనకటి రోజుల్లో ఆటగాడు ఫలానా కాలేజీలో చేరతానని సంతకం చేసే నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ 2024 అక్టోబరులోనే రద్దయింది, ఇప్పుడు ఈ ఒప్పందమే. మధ్యాహ్నం స్కూల్లో బల్లలు వేసి టోపీలు పెట్టి చేసింది ఫొటోల కోసం.

ఇక కుదుటపడ్డాం అనుకున్నాను. జనవరి 2న బదిలీల పోర్టల్ తెరుచుకుంది, 16 దాకా. 9వ తేదీ సాయంత్రం మావాడు ఫోను పట్టుకుని వచ్చి నా ముందు పెట్టాడు. మా జట్టే ఇంకో విశ్వవిద్యాలయం నుంచి ఒక లాంగ్ స్నాపర్‌ను తీసుకుంది. కోచ్ నుంచి ఫోను నాలుగు రోజుల తర్వాత వచ్చింది. ఆ నాలుగు రోజులు ఇంట్లో ఎవరం ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మావారు ఒప్పందాన్ని రెండుసార్లు అచ్చుతీసి చదివారు. చివరికి కోచ్ చెప్పింది: వచ్చినవాడికి ఒక్క సీజనే మిగిలింది, మీవాడు ఈ ఏడాది రెడ్‌షర్ట్, స్కాలర్‌షిప్‌లో మార్పు లేదు. ముందే చెప్పి ఉంటే బాగుండేది కదా అని అడిగాను. "అప్పటికి మాకే తెలియదు" అన్నాడు. నమ్మాను. నిజంగానే తెలిసి ఉండదు.

జనవరి 19న కాలేజీ ఫుట్‌బాల్ జాతీయ ఫైనల్లో ఇండియానా విశ్వవిద్యాలయం గెలిచింది. ఏళ్ల తరబడి చేర్పుల ర్యాంకుల్లో పైవరుసలో కనిపించని జట్టు. ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ మెండోజా కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి బదిలీ అయినవాడు, కోచ్ సిగ్నెటీ జేమ్స్ మాడిసన్ విశ్వవిద్యాలయం నుంచి వస్తూ ఆటగాళ్లను వెంట తెచ్చుకున్నాడు. "చూడమ్మా, వీళ్లందరూ వేరే బస్సు దిగి వచ్చినవాళ్లే" అన్నాడు మావాడు. తువ్వాలు సంగతి వాడికి ఎప్పుడో చెప్పాను, గుర్తుపెట్టుకున్నాడు.

మొత్తం ఖర్చు కూడితే 11,600 డాలర్లు, తిండి కాకుండా. ఇప్పుడు మిగిలినవి చిన్న పనులు. కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ అర్హత కేంద్రానికి స్కూలు నుంచి చివరి మార్కులు వెళ్లాలి. పదహారు ముఖ్య సబ్జెక్టుల్లో పది పన్నెండో తరగతికి ముందే పూర్తయి ఉండాలని తెలుసుకోండి, మా కౌన్సిలర్‌కు ఆ లెక్క సరిగా తెలియలేదు. సికిల్ సెల్ రక్తపరీక్ష ఒకటి అడిగారు, ఫలితానికి అయిదు రోజులు. జూన్ మొదటి వారంలో చేరాలి. జట్టు జాబితాలో ఇంకా వాడి పేరు పెట్టలేదు, రోజూ చూస్తూనే ఉన్నాను. ఎక్సెల్ పట్టికలో ఆ వచ్చినవాడి వరుసకు "2026తో ఆఖరు" అని రాసి పసుపు రంగు వేశాను.

నిన్న సాయంత్రం పార్కుకు వెళ్లాం. 0.71, 0.72, మళ్లీ 0.71. ఇరవై పట్టేసరికి చాలన్నాను. మధ్యవేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు.